ఊరికి మిగిలిన మెరక

మిషన్‌పేట,
8 సెప్టెంబరు 2024

ప్రియమైన తమ్ముడు శ్యాంబాబుకు,

ప్రభువు నామంలో అక్క వందనాలు. మోకాలు ఎలా ఉంది? కొత్త మోకాలు పెట్టించుకున్న మనిషి మూడు నెలలు ప్రయాణాలు చెయ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పారట, మరదలు ఆశాజ్యోతి రాసింది. నువ్వు చెబితే వినే రకం కాదు కాబట్టి నీ చెప్పులు దాచెయ్యమని తనకి నా మాటగా చెప్పు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకోకు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది పోయే దారిలో ఉంది. ఫోనులో నువ్వు అరుస్తావు. నాకు వినపడదు గానీ మా వీధి వీధంతా వింటుంది. వాట్సాప్ నా వల్ల కాదు. అ కొడితే ఆ పడుతుంది. చర్చిలో క్వయర్ మాత్రం మానలేదు. నేను ఒక చరణం వెనకబడి పాడుతున్నానని అందరికీ తెలుసు, పెద్దదాన్నని ఎవరూ చెప్పరు.

ఇక అసలు సంగతి. నువ్వు రెండేళ్ళుగా రాలేదు కాబట్టి ఊరు ఎలా మారిందో నీకు తెలియదు. రోడ్డుకు అటూ ఇటూ అన్నీ రొయ్యల చెరువులే. బడి వెనక ఖాళీ జాగా కూడా తవ్వేశారు. ఊరు మొత్తానికి కాలు తడవకుండా నాలుగడుగులు వెయ్యడానికి మిగిలిన మెరక నాన్నగారి బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఒక్కటే. దానికో గేటు, గేటుకో తాళం, ఆ తాళంచెవి నీ స్నేహితుడు డేనియల్ మొలతాడుకి. పొద్దున్నే డేనియల్‌తో కలిపి ఐదుగురు ముసలాళ్ళు వస్తారు. ఐదుగురైతే ఒక జట్టే కదా, రెండో జట్టు లేదు. అందుకని కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుని, తాళం వేసుకుని పోతారు. ఇంక రోజంతా అక్కడ కాకులే ఆడుకుంటాయి.

నేను పాఠాలు చెప్పిన మా బడి ఆడపిల్లలు మండలం మొత్తం మీద కబడ్డీ గెలిచారు. వాళ్ళు ఎక్కడ ఆడుకుంటున్నారో తెలుసా? చెరువుగట్టు పక్కన రోడ్డు మీద. రొయ్యల లారీ హారన్ కొడితే చెదిరిపోతారు, అది పోయాక మళ్ళీ గీత గీసుకుంటారు. కౌలు రైతు అప్పాజీ కూతురు దుర్గాశ్రీ అని ఒక పిల్ల ఉంది. కూతకి వెళ్ళిందంటే ఏడుగురూ కలిసి పట్టుకోలేరు. చూస్తుంటే నాకు నా వయసు మరిచిపోయేంత సంబరం. వెనకాల లారీ కనపడగానే ఆ సంబరమంతా నీరైపోతుంది.

నేను అనుకున్నది ఇది. పొద్దున మీ పెద్దమనుషులు ఆడుకోండి. ఆ తర్వాత ఊరి ఆడవాళ్ళు నడుచుకుంటారు. సాయంత్రం పిల్లలది. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకునే చిన్న రైతులకి ఆ నాలుగు రోజులూ ఇద్దాం. చర్చి సంఘం పెద్దలు ఒప్పుకున్నారు. మన పాస్టరు అయ్యగారు కూడా మంచి మాటేనమ్మా అన్నారు. అయితే ఆ కోర్టు నడిపే క్లబ్బుకి కార్యదర్శివి నువ్వు, దాన్ని కట్టిన జ్ఞానప్రకాశం గారి కొడుకువి నువ్వు. నీ నోటి నుంచి సరే అన్న మాట వస్తే చాలన్నారు. ఒక్క ముక్క రాసి పడెయ్యి.

నీ అక్క,
దేవకుమారి


కొవ్వూరు,
17 సెప్టెంబరు 2024

ప్రియమైన అక్కయ్యకు,

వందనాలు. కాలు వంచడానికి రోజూ ఒక కుర్రాడు వస్తాడు. వాడు నవ్వుతూనే వంచుతాడు, నేను కేకలు పెడతాను. అది అయ్యాక కిటికీ దగ్గర కుర్చీ వేస్తారు. గోదావరి, వంతెన, అవతల రాజమండ్రి. రైళ్ళు లెక్కపెట్టుకోవడమే ఇప్పుడు నా ఉద్యోగం.

ఇంక నీ ఉత్తరం. నువ్వెప్పుడూ ఇంతే అక్కయ్యా. ముందు నిర్ణయం, తర్వాత ప్రార్థన. అందర్నీ ఒప్పించేసి చివర్న నన్ను ఒక్క ముక్క రాయమంటావు.

ఆ కోర్టు నాన్నగారు బడి నుంచి వచ్చి, చొక్కా విప్పి, తన చేతులతో నేల తడిపి రోలరు లాగిన చోటు. క్రిస్మస్ వారంలో కప్పు ఆడితే నరసాపురం నుంచి, పాలకొల్లు నుంచి జట్లు వచ్చేవి. నేను సెంటర్ ఆడేవాణ్ణి. నా దెబ్బకి బంతి ఎటు పోయిందో కనపడేది కాదని ఇప్పటికీ డేనియల్ చెబుతాడు. ఇప్పుడు నాకు మంచం దిగడానికి మనిషి సాయం కావాలి. నా ఒంట్లో ఆట పోయింది. ఆ నేల మీదైనా ఉండనీ.

ఊరందరికీ తెరిస్తే అది కోర్టు కాదు, సంత. ధాన్యం ఆరబోస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. పైగా అది మిషన్ కాంపౌండు. బయటివాళ్ళు రావడం మొదలైతే రేపు ఎవరి హక్కు ఏంటో తేల్చలేక చావాలి. నేను వద్దని అనడం లేదు, ఆగమంటున్నాను. కాలు నిలిచాక వస్తాను. అప్పటిదాకా అక్కడ ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. ఇది నీ తమ్ముడిగా చెబుతున్నాను, కార్యదర్శిగా కూడా.

ఆశాజ్యోతి వదినగారిని అడిగానని రాయమంది.

నీ తమ్ముడు,
శ్యాంబాబు


మిషన్‌పేట,
27 సెప్టెంబరు 2024

శ్యాంబాబుకు,

వందనాలు. బయటివాళ్ళు అన్న మాట చదివి ఆ పూట అన్నం తినలేదు. నాన్నగారి జట్టులో బ్యాక్ ఆడింది ఎవరురా? వీరవెంకటసత్యనారాయణ గారు కాదూ? అన్నవరం సత్యదేవుడి పేరు పెట్టుకున్న మనిషి మన క్రిస్మస్ కప్పు భుజాన పెట్టుకుని చర్చి చుట్టూ ఊరేగలేదూ? ఆ రోజు నాన్నగారు ఆయన పక్కనే నడిచారు. నువ్వు వాళ్ళ ముందు గంతులేస్తూ వెళ్ళావు. ఇప్పుడు అప్పాజీ కూతురు బయటిదైపోయిందా?

నీ ఒంట్లో ఆట పోయిందని రాశావు. చదివి ఏడ్చాను, అది నిజం. కానీ నీ ఆట పోయిందని పిల్లల ఆట ఆపుతావా? ఇంట్లో పెద్దాయనకి షుగరని పిల్లల నోట బెల్లం లాక్కున్నట్టుంది.

వానలు తగ్గగానే కోర్టులో పని మొదలవుతుంది. ఏం పని, ఎవరు చేస్తారు అని నన్ను అడగకు. నా మాట వినని వాడికి నేనెందుకు చెప్పాలి? కోపంలో ఉన్నాను కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను. ఇంకా రాస్తే నాన్నగారు నాకు నేర్పిన తెలుగు మరిచిపోయేలా ఉన్నాను.

అక్క


కొవ్వూరు,
9 అక్టోబరు 2024

మిషన్‌పేట దేవకుమారి టీచర్ గారికి,

ఏం పని అని అడగవద్దన్నారు. అడగాల్సిన అవసరం లేకుండానే తెలిసింది.

డేనియల్ ఫోను చేశాడు. కోర్టులోకి రొయ్యల వ్యాపారి సత్యప్రసాద్ టిప్పర్లు వస్తున్నాయట. వల కట్టే స్తంభాలు పీకి గోడ వారగా పడేశారట. సత్యప్రసాద్ స్వయంగా వచ్చి టేపు పెట్టి కొలుచుకున్నాడట. అతను రొయ్యలు గ్రేడింగ్ చేసే షెడ్డు కోసం రోడ్డు పక్కన జాగా వెతుకుతున్నాడని నాకు కొవ్వూరులో కూర్చునే తెలుసు. పిల్లలు, కబడ్డీ, ఆడవాళ్ళ నడక అని నాకు రాసినవన్నీ ఇందుకేనా?

అయినా డేనియల్ తొందరపడ్డాడేమో, మా అక్క అలాంటిది కాదు అనే అనుకున్నాను. అప్పుడు వాడు ఇంకో మాట చెప్పాడు. మొన్న ఆదివారం సంస్కారం ఆదివారం. అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటే, మీరు మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదట. అయ్యగారు మీ వైపు చూసినా తల వంచుకునే కూర్చున్నారట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మీరు బల్ల మానింది లేదు. అమ్మని సమాధి చేసిన వారం కూడా వెళ్ళారు. మనసులో తప్పు పెట్టుకున్నవాళ్ళే ఆ రోజు లేవరని మన సంఘంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంతకంటే నాకు సాక్ష్యం ఏం కావాలి?

కార్యదర్శిగా నా అనుమతి లేకుండా క్లబ్బు స్థలంలో పని జరుగుతోందని ఫిర్యాదు రాసి డేనియల్ చేత స్టేషన్‌లో ఇప్పించాను. ఇక మన మాటలు అక్కడే.

ఇట్లు,
శ్యాంబాబు, కార్యదర్శి


మిషన్‌పేట,
16 అక్టోబరు 2024

శ్యాంబాబూ,

వందనాలు. రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

నీ పోలీసులు వచ్చారు. పిల్లలు చూస్తుండగా జీపు దిగి, పని ఆపించి, గేటుకి ఇంకో తాళం వేసి వెళ్ళారు. ఇద్దరూ వచ్చి మాట్లాడుకునేదాకా తియ్యరట. "టీచర్ గారూ, మాదేం లేదండి, మీ ఇంటి గొడవండి ఇది" అన్నాడు ఆ ఎస్సై. పాపం, మర్యాదగానే అన్నాడు. ఆ మాటకి నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆడపిల్లలు గోడ పక్కన ఒదిగి నిలబడ్డారు. వాళ్ళేదో తప్పు చేశారని పోలీసులు వచ్చారనుకున్నారు.

సత్యప్రసాద్ తోలింది మట్టి. చెరువులు నాలుగు వైపులా తవ్వాక కోర్టు ఉత్తరం వైపు చెమ్మ ఊరుతోంది. ఉన్ని బంతి రెండు దెబ్బలకే తడిసి బరువెక్కుతోందని మీ డేనియలే కదా రోజూ గొణిగేది! సత్యప్రసాద్ ఇంటికెళ్ళి, నువ్వు తవ్విన చెరువుల వల్లే కదా ఈ చెమ్మ, ఆ తవ్విన మట్టి తెచ్చి మెరక చెయ్యమని గట్టిగా అడిగాను. నా దగ్గర చదువుకున్నవాడు, కాదనలేకపోయాడు. మట్టి ఎంత పడుతుందో చూడటానికి టేపు పెట్టాడు. మెరక అయ్యాక స్తంభాలు మళ్ళీ పాతాలి కాబట్టి పీకించాం. ఇదంతా పోయిన ఉత్తరంలో రాయాల్సింది. పౌరుషానికి పోయి రాయలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

బల్ల సంగతి మాత్రం నేను ఎలా మర్చిపోను? నాన్నగారు బాబాయితో మాటలు మానేసిన ఏడు ఏం చేశారో నీకు గుర్తు లేదా? సంస్కారం ఆదివారం వస్తే బెంచీ మీదే కూర్చునేవారు. తోడబుట్టినవాడి మీద కోపం పెట్టుకుని ఆ రొట్టెకి చెయ్యి చాపకూడదని మనకి ఆయన చెప్పలేదు, కూర్చుని చూపించారు. నేను లేవనిది నీ మీద కోపం చల్లారలేదని. నీతో రాజీ పడకుండా అక్కడికి వెళ్ళే అర్హత నాకు లేదని. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరిగిన నువ్వే నన్ను దొంగని చేశావు. ఊళ్ళో ఎవరూ అనలేదురా ఆ మాట, నువ్వన్నావు.

పిల్లలు మళ్ళీ రోడ్డెక్కారు. స్టేషన్‌కి ఒక్క ముక్క రాసి ఆ తాళం తీయించు. నన్ను ఏమన్నా అనుకో, వాళ్ళని రోడ్డు మీద వదలకు.

అక్క


కొవ్వూరు,
26 అక్టోబరు 2024

అక్కయ్యకు,

వందనాలు. నీ ఉత్తరం ఆశాజ్యోతి చదివింది, నేను చదివాను, మళ్ళీ తనే చదివింది. "మీ అక్కగారిని అలా ఎలా అనుకున్నారండీ?" అని నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాన్నగారు బెంచీ మీద కూర్చోవడం నాకు గుర్తొచ్చింది. నువ్వు రాశాకే వచ్చింది. సిగ్గుగా ఉంది.

అయితే అక్కయ్యా, ఫిర్యాదు ఇచ్చిన రెండు వారాలకే వెనక్కి తీసుకుంటే స్టేషన్‌లో నన్ను ఏమనుకుంటారు? డేనియల్ ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? నా మాట మీద కదా వాడు వెళ్ళింది. సత్యప్రసాద్ మట్టి తోలాడంటే రేపు ఇంకేదైనా అడుగుతాడు, వ్యాపారి ఊరికే ఏదీ చెయ్యడు. నవంబరు చివర డాక్టరు ప్రయాణానికి ఒప్పుకుంటారు. నేనే వచ్చి, నా కళ్ళతో చూసి, మనిద్దరం స్టేషన్‌కి వెళ్ళి తాళం తీయిద్దాం. అంతవరకూ ఉండనీ. ఒక్క నెలలో కొంపలేమీ మునిగిపోవు.

కోపం తగ్గించుకో. వచ్చే సంస్కారానికి నా మీద మనసులో ఏమీ పెట్టుకోకుండా వెళ్ళు.

నీ తమ్ముడు


మిషన్‌పేట,
6 నవంబరు 2024

శ్యాంబాబూ,

కొంప మునిగింది.

నిన్న సాయంత్రం దుర్గాశ్రీని లారీ కొట్టింది. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. భీమవరం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఆట సంగతి అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు.

డ్రిల్లు మేష్టారు ట్రైనింగ్‌కి వెళ్ళారు. పిల్లలు బతిమాలితే కాపలా నేను నిలబడ్డాను. ఆ పిల్ల కూతలో ఉంది, నలుగురు దాన్ని పట్టుకుని ఉన్నారు. మలుపు తిరిగి లారీ వచ్చింది. హారన్ కొట్టిందట, గట్టిగానే కొట్టిందట. నాకు వినపడలేదు. నేను పిల్లల వైపు చూస్తూ చప్పట్లు కొడుతున్నాను. మిగతావాళ్ళు వదిలేసి దూకారు. ఇది గీత ముట్టుకోవాలని ఇంకో అడుగు వేసింది.

అప్పాజీ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మంచికే చేశారండి టీచర్ గారూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. కాపలా ఉన్నది నేను. కానీ ఆ పిల్లలు ఉండాల్సింది గోడ లోపల.

దేవకుమారి


కొవ్వూరు,
14 నవంబరు 2024

అక్కయ్యా,

నీకు చెప్పకుండా సోమవారం భీమవరం వెళ్ళి వచ్చాను. డాక్టరు వద్దన్నారు, ఆశాజ్యోతి మాత్రం "పదండి, నేను కూడా వస్తా" అని కారు పిలిపించింది. ఆసుపత్రిలో నువ్వు లేని వేళ చూసుకుని వెళ్ళాను. నీ ఎదుట నిలబడే ధైర్యం లేదు.

పిల్ల మెలకువగానే ఉంది. కట్టు తొడదాకా ఉంది. వాళ్ళ నాన్న మందులకి కిందికి వెళ్ళాడు. నేను కర్ర పట్టుకుని కుంటుకుంటూ రావడం చూసి నవ్వింది.

"మీకూ కాలేనాండి తాతగారూ?"

"ఆయ్, కాలేనమ్మా" అన్నాను. దేవకుమారి టీచర్ గారి తమ్ముణ్ణని చెప్పాను. పేరు చెప్పలేదు. మన వాళ్ళే కదా అన్నట్టు దాని ముఖం విప్పారింది.

"అయితే మీకో మాట చెప్పొచ్చాండి? కోర్టు గేటు ఎవరో పెద్దాయన మూయించేశారంటండి. పేరేంటని టీచర్ గారిని అడిగితే, పెద్దవాళ్ళ సంగతి మీకెందుకని ఊరుకోమన్నారండి. మీకు తెలిసే ఉంటారు. ఆయనకి చెప్పండి, మేం ఆయన గీతలు తొక్కమండి. ఓ పక్కన మా గీత మేం గీసుకుంటాం. నాకు ఎలాగూ ఇప్పుడు కుదరదండి. మా వాళ్ళకోసం."

"చెబుతానమ్మా" అన్నాను.

"వింటారంటారాండి?"

"వింటాడు" అన్నాను. నేనేనమ్మా ఆ పెద్దాయనని అని రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను. బయటికొచ్చి వరండాలో గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పక్కన ఉన్నవాళ్ళు నాకెవరో పోయారనుకున్నారు.

నా పేరు నువ్వు దాచావు. నిన్ను నేను పోలీసులదాకా లాగాను, నువ్వు ఆ పిల్లలకి నా పేరు కూడా చెప్పలేదు.

అక్కడి నుంచి తిన్నగా స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు వాపసు తీసుకున్నాను. డేనియల్‌ని పిలిపించి తాళంచెవి అయ్యగారికి ఇచ్చెయ్యమన్నాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ ఇచ్చాడు. ఎవరికి ఎప్పుడు ఏది కావాలంటే అది ఆ నేల మీద చేసుకోమను. నా సమ్మతి ఈ ఉత్తరమే అనుకుని సంఘంలో చదివించు.

ఒక్క సాయం చెయ్యి. ఆ పెద్దాయన నేనేనని దుర్గాశ్రీకి నెమ్మదిగా నువ్వే చెప్పు. నీ నోటితో అయితే మెత్తగా ఉంటుంది.

నీ తమ్ముడు,
శ్యాంబాబు


మిషన్‌పేట,
20 నవంబరు 2024

ప్రియమైన తమ్ముడు శ్యాంబాబుకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ సమ్మతి రాసిన ముక్క అయ్యగారు ఆదివారం చదివారు. నువ్వు స్టేషన్‌కి వెళ్ళి వచ్చిన మర్నాడే తాళం తీశారు. గేటు బార్లా తెరిచే ఉంది. వారం నుంచి లోపలికి ఒక్క పిల్ల రాలేదు.

పోలీసు జీపు వచ్చి వెళ్ళిన చోటికి ఆడపిల్లల్ని ఎలా పంపుతామండి అంటున్నారు తల్లులు. ఇవాళ తీశారు, రేపు ఇంకో పెద్దాయనకి కోపం వస్తే? నేను ఇంటింటికీ తిరిగాను. కూర్చోబెట్టి కాఫీ ఇస్తున్నారు, పిల్లల్ని మాత్రం పంపడం లేదు. ఇప్పటివరకూ లోపలికి వచ్చింది అప్పాజీ ధాన్యమొక్కటే. ఆయన ఆసుపత్రిలో ఉంటే కోసిన పంట రోడ్డు మీద తడిసిపోతుందని డేనియల్, మిగతా నలుగురు ముసలాళ్ళు బరకాలు పరిచి కోర్టులో ఆరబోశారు. ఎండ దిగేదాకా వంతులు వేసుకుని కాళ్ళతో తిరగేస్తున్నారు. నేను అడగలేదు, వాళ్ళే చేశారు.

నీ మీద నాకు కోపం లేదు. ఇంత రాసినవాడి మీద కోపం ఎలా ఉంటుంది? కానీ నువ్వు అడిగిన సాయం నేను చెయ్యను. నీ పేరు దాచింది నిన్ను కాపాడటానికి కాదు. పిల్లల మనసులో ఒక మనిషి మీద ద్వేషం నాటడం టీచరుగా నాకు చేతకాక. ఇప్పుడు నేను చెబితే, నీ బదులు నేను క్షమాపణ అడిగినట్టు ఉంటుంది. అది ఆ పిల్లకీ చాలదు, ఈ ఊరికీ చాలదు. గేటు మూయించిన మనిషి వచ్చి, ఇంకెప్పుడూ మూయనని తన నోటితో అందరి ముందూ చెబితే తప్ప ఆ తల్లులు కదలరు.

శనివారం దుర్గాశ్రీని ఇంటికి తీసుకొస్తున్నారు. అప్పాజీ ఇల్లు కాలువ అవతల. వంతెన సన్నం, కారు వెళ్ళదు. కర్ర పట్టుకుని నడవాలి.

నడిచి రా.

నీ అక్క,
దేవకుమారి